ఆ హాల్లో మూడడుగుల టైల్స్ ఎందుకు వేశారో ముందు కనుక్కోండి

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. మా ఆయనది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున రైలుకు వెళ్లిపోతారు. పాప పదో తరగతి, బాబు ఆరు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, మామయ్యకు డెబ్బై ఏళ్లు, రెండేళ్ల కింద స్టెంట్ వేశారు. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి లక్షా నలభై వేలు వస్తాయి. అద్దె 14 వేలు. బ్యాంకులో 22 లక్షలున్నాయి. హసన్‌పర్తి వైపు 2014లో 8 లక్షలకు కొన్న 200 గజాల ప్లాటు ఉంది, ముప్పై అడుగుల వెడల్పు, అరవై లోతు, ఇప్పుడు గజం 20 వేలు పలుకుతోంది. 2020లో ఎల్ఆర్ఎస్‌కు (అనుమతి లేని లేఔట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) వెయ్యి కట్టి దరఖాస్తు పెట్టాం, ఆ తర్వాత పట్టించుకోలేదు. మామయ్య "సొంత స్థలం పెట్టుకుని ఇంకొకళ్ల పాత ఇల్లు కొనుడేంది, కట్టుకుందాం, నేను దగ్గరుండి చూస్తా" అంటారు. మా ఆయన మాత్రం నయీంనగర్ దగ్గర 150 గజాల్లో 2012లో కట్టిన జీ ప్లస్ వన్ చూసొచ్చారు. 88 లక్షలు చెబుతున్నారు, 50 లక్షలకు రిజిస్ట్రేషన్, మిగతాది నగదు. కొత్తగా రంగులు వేశారు, కింద హాలు గోడలకు మూడడుగుల ఎత్తు వరకు టైల్స్ కూడా ఉన్నాయి, చాలా శుభ్రంగా ఉంది. అమ్మేది ఇద్దరు అన్నదమ్ములు, ఇల్లు చనిపోయిన వాళ్ల నాన్న పేరిట ఉంది. పై పోర్షన్‌కు 9 వేల అద్దె వస్తుందట. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: నమస్తే అమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి డబ్బు లెక్కలు కనిపించాయి. రెండోసారి ఆ టైల్స్ దగ్గర ఆగిపోయాను.

బాత్రూంలో టైల్స్ వేస్తారు, వంటగదిలో గట్టు మీద వేస్తారు. హాలు గోడలకు మూడడుగులు వేశారంటే చాలాసార్లు కారణం ఒకటే, అక్కడ గోడ నిలవడం లేదు. కింద నుంచి చెమ్మ ఎక్కి సున్నం పెచ్చులు రాలుతుంటే, ఎన్నిసార్లు లప్పం పెట్టినా ఆరు నెలలకు మళ్లీ ఉబ్బుతుంటే, విసిగిపోయి టైల్స్‌తో కప్పేస్తారు. లేదా వాన నీళ్లు ఇంట్లోకి వచ్చి వెళ్లిన గుర్తు అది. నయీంనగర్ అంటున్నారు కాబట్టి నాకు రెండోదే ముందు తోచింది. 2020 ఆగస్టు వానలకు హనుమకొండలో ఎన్ని కాలనీలు మునిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 జూలైలో మళ్లీ అదే కథ, ఆ ఏడాదే భద్రకాళి చెరువు కట్ట కూడా తెగింది. 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు ఇంకోసారి. ఆ ఇల్లు నయీంనగర్ నాలాకు (వాన నీళ్లు పోయే పెద్ద కాలువ) ఎంత దూరంలో ఉందో, వీధి కంటే గడప ఎంత ఎత్తులో ఉందో మీరు రాయలేదు. అమ్మేవాళ్లను అడిగితే "అబ్బే, మా వీధిలోకి రాలేదు" అంటారు. వాళ్లను అడగకండి. మూలమీది కిరాణా కొట్టాయన్ని అడగండి, ఎదురింటి పెద్దావిడను అడగండి, పై పోర్షన్‌లో అద్దెకున్న వాళ్లను తప్పకుండా అడగండి, వాళ్లకు ఇల్లు అమ్మే లాభం ఏమీ లేదు కాబట్టి ఉన్నది చెబుతారు. గట్టి వాన కురిసిన మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ వీధి చూడండి. కొత్త రంగుల వాసన ఉన్న ఇంటిని ఎండపూట చూసి ఒప్పుకోవద్దు.

నాలా, వీధి అన్నీ బాగున్నాయే అనుకుందాం, అప్పుడు అడగాల్సింది ఇద్దరన్నదమ్ములకు అక్కచెల్లెళ్లు ఉన్నారా అని. వాళ్ల నాన్న వీలునామా రాయకుండా పోతే, ఆ ఇల్లు ఆయన సొంత సంపాదనే అయినా సరే, భార్యకూ కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా ఉంటుంది, 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఇంతే. "మా చెల్లె ఏమీ అనదు, కట్నం ఇచ్చాం" అనే మాటకు కోర్టులో విలువ లేదు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంలో ఎన్ని పేర్లున్నాయో అన్ని సంతకాలూ సేల్ డీడ్ మీద పడాలి, లేదా వాళ్లు రిజిస్టర్ చేసిన విడుదల పత్రం చూపించాలి. దీంతోపాటు కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదన్న రుజువు. ఇవన్నీ మీ తరఫు లాయరు చూడాలి, బ్రోకర్ తీసుకొచ్చిన లాయరు కాదు.

ఇంకోటి, 2012లో ఆ ఇంటికి ఏ ప్లాను మంజూరైంది? జీ ప్లస్ వన్‌కు అనుమతి ఉందా, కింద ఒక్కటికే ఉండి పైది తర్వాత లేపారా? మా తమ్ముడు సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నాడు. పై అంతస్తు అద్దె చూసుకుని ఈఎంఐ లెక్క వేసుకుని బయానా ఇచ్చేశాడు, తీరా బ్యాంకు వాళ్ల వాల్యుయేషన్‌లో పై అంతస్తును లెక్కలోకే తీసుకోలేదు, ప్లానులో అది లేదు కాబట్టి. లోను అనుకున్న దానికంటే పన్నెండు లక్షలు తగ్గింది. బయానా పోగొట్టుకోలేక మరదలి బంగారం అంతా కుదువ పెట్టాడు. ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది. కాబట్టి ప్లాను కాపీ చేతిలో పట్టుకుని, టేపు పెట్టి కొలిచి, ఆస్తి పన్ను రసీదులో ఎన్ని అంతస్తులు రాశారో చూసి, ఆ తర్వాతే బయానా మాట.

ఇక 50 లక్షలకు రిజిస్ట్రేషన్, 38 లక్షలు నగదు అనే మాట. ఇది మీకు వద్దేవద్దు. ఇద్దరూ జీతం మీద బతికేవాళ్లు, మీరు ప్రభుత్వ ఉద్యోగి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, పుచ్చుకున్న వాళ్ల మీద అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. ఇచ్చిన వాళ్లకు నోటీసు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. చట్టం సంగతి పక్కన పెట్టి చూసినా లెక్క మీకు కుదరదు. బ్యాంకు లోను ఇచ్చేది కాగితం మీది ధరకు. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా లోనుకు రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు ఆస్తి విలువలో 80 శాతం. 50 లక్షల కాగితానికి 40 లక్షలు వస్తాయి. మిగతా 48 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం చొప్పున 3 లక్షల 75 వేలు, మొత్తం దాదాపు 52 లక్షలు మీరు చేతి నుంచి తీయాలి. ఉన్నవి 22. అంటే ప్లాటు అమ్మితేనే ఆ ఇల్లు. ఈ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ఇంట్లో ఎవరూ పైకి అనలేదేమో.

పోనీ మొత్తం 88 లక్షలూ కాగితం మీదే అనుకుంటే లోను 70 లక్షల దాకా రావచ్చు. రిజిస్ట్రేషన్‌కు 6 లక్షల 60 వేలు. 70 లక్షల లోనుకు 8 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెలకు సుమారు 58,500. మీ ఇద్దరి జీతంలో నలభై శాతం పైమాటే. పాప ఇంటర్‌కు వస్తోంది, కాలేజీ ఫీజులు అక్కడ కాచుకుని ఉన్నాయి. పై పోర్షన్ అద్దె 9 వేలు కొంత ఆదుకుంటుంది, కానీ అది ప్రతి నెలా వస్తుందని నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోకూడదు.

మామయ్యగారి లెక్కలోనూ ఒక పొరపాటుంది, ఆయనకు చెప్పేటప్పుడు నెమ్మదిగా చెప్పండి. "స్థలం ఉంది కదా, కట్టుడు ఖర్చే కదా" అంటారు అందరూ. ఆ స్థలం ఇవాళ 40 లక్షలు. కట్టుకుంటే ఆ 40 లక్షలు ఇంట్లో పెట్టినట్టే. పైన ఇంకో 40 అయితే మీ ఇల్లు 80 లక్షల ఇల్లు, ఉత్త 40 లక్షలది కాదు. అలా చూస్తే రెండిళ్లకూ తేడా మీరనుకున్నంత లేదు. అసలు తేడా అప్పులో ఉంది. ప్లాటుకు డబ్బు ఎప్పుడో కట్టేశారు కాబట్టి కొత్తగా తీసుకోవాల్సిన లోను తక్కువ.

ఎంత తక్కువో వేసి చూద్దాం. 200 గజాలంటే 1,800 చదరపు అడుగులు. మీ రోడ్డు ముప్పై అడుగులదే అయితే ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. వదిలాక మీకు మిగిలేది ఇరవై మూడు అడుగుల చిల్లర వెడల్పు, యాభై ఒకటిన్నర అడుగుల పొడవు, అంటే గట్టిగా 1,200 చదరపు అడుగులు. (రోడ్డు ముప్పై కంటే తక్కువైతే విస్తరణకు మీ వైపు నుంచి ఇంకొంత వదలాలి, అందుకే ముందు టేపు పట్టుకుని రోడ్డు కొలవండి.) 1,150 అడుగుల్లో మూడు పడక గదులు హాయిగా వస్తాయి. మెటీరియల్‌తో కలిపి కాంట్రాక్టు ఈమధ్య నేను వింటున్న రేట్లు అడుగుకు 2,000 నుంచి 2,500 మధ్య. 2,300 వేసుకుంటే 26 లక్షల 45 వేలు. ఇక్కడితో ఆగిపోయి సంతోషపడేవాళ్లే ఎక్కువ. సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, మోటారు, ప్రహరీ, గేటు సాధారణంగా ఆ రేటులో ఉండవు, వాటికి ఐదారు లక్షలు. అల్మారాలు, వంటగది చెక్కపని నాలుగు. ఎల్ఆర్ఎస్ బాకీ, అనుమతి రుసుములు, లేబర్ సెస్సు, కరెంటు మీటరు కలిపి రెండున్నర మూడు. కట్టే ఏడాది అద్దె లక్షా 68 వేలు. 40 లక్షలు దాటుతుంది, పదిశాతం పైకి పోతుందని ముందే అనుకుని 44 పెట్టుకోండి. 22లో నాలుగు లక్షలు అత్తమ్మ, మామయ్యల వైద్యానికి ముట్టుకోకుండా ఉంచి, 18 మీరు పెట్టి, 26 లోను తీసుకుంటే ఈఎంఐ 21,700 దగ్గర ఉంటుంది. 58 వేలెక్కడ, 22 వేలెక్కడ. మీ జీతాలకు రెండోదే సరిపోతుంది, పిల్లల చదువులకు ఊపిరి ఆడుతుంది.

లెక్క ప్రకారం కట్టుకోమనే చెబుతాను. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ ఏడాది పొడవునా సైటు దగ్గర ఎవరు నిలబడతారు?

మేం 2016లో ఖమ్మంలో ఇల్లు కట్టుకున్నాం. మా ఆయన అప్పుడు కొత్తగూడెంలో పని చేసేవారు, సైటు దగ్గర నిలబడింది నేనే. సెప్టెంబరులో ముగ్గు పోయించాం, నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. సుతారి మేస్త్రీకి, సెంట్రింగ్ వాళ్లకు వారం వారం నగదే ఇవ్వాలి, ఏటీఎంలో దొరికే రెండు వేలతో ఎవరికని ఇస్తాం? మూడు వారాలు పని ఆగింది. ఆ సందులో కాంట్రాక్టర్ ఇంకో రెండు సైట్లు ఒప్పుకుని, స్లాబు పడ్డాక మొహం చాటేశాడు. అప్పటికి జరిగిన పనికంటే నాలుగు లక్షలు ఎక్కువే తీసుకున్నాడు మా దగ్గర, ఎందుకంటే అడిగినప్పుడల్లా ఇచ్చాను, ఇవ్వకపోతే పని ఆపుతాడని భయం. నేను అప్పుడు ఏడవని రోజు లేదు. మిగతా పని వేరే మేస్త్రీతో గది గది చొప్పున చేయించుకుని, ఏడు నెలలన్నది పదిహేను నెలలకు ఇంట్లో చేరాం. ఇంతా చేసి ఇప్పుడు ఆ ఇంట్లో నాకు నచ్చని మూల ఒక్కటి లేదు. వంటగది కిటికీ తూర్పుకు పెట్టించుకున్నాను, పొద్దున ఏడింటికి ఎండ సరిగ్గా గట్టు మీద పడుతుంది. కొన్న ఇంట్లో ఇది దొరకదని కాదు, దొరికితే అదృష్టం, అంతే.

నేను నిలబడగలిగాను, అప్పుడు ఉద్యోగం లేదు కాబట్టి. మీరు తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా బడిలో ఉంటారు. మీ ఆయనకు ఆదివారం ఒక్కటే, ఆ రోజు సైటులో పని ఉండదు, కూలీలకు డబ్బులిచ్చే రోజది. మామయ్యగారు చూస్తానంటున్నారు, ఆయన మాట ఉత్తది కాదు, చూడాలన్న ప్రేమతోనే అంటున్నారు. కానీ గుండెకు స్టెంట్ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషిని మే నెల ఎండలో సెంట్రింగ్ నిచ్చెన ఎక్కనివ్వకూడదు. ఆయన చేయగలిగిన పనులు వేరే ఉన్నాయి, అవి చిన్నవి కావు. వచ్చిన సిమెంటు బస్తాలు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం, ఇసుక ట్రాక్టరు నిండుగా వచ్చిందా చూడడం, అన్నిటికంటే ముఖ్యంగా పొద్దున సాయంత్రం గోడలకు, స్లాబుకు నీళ్లు పట్టించడం. క్యూరింగ్ సరిగా జరగక చెడిపోయిన ఇళ్లు ఎన్నో. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, మనకు ఎక్కువగా దొరికే పీపీసీకి (ఫ్లై యాష్ కలిపిన సిమెంటు) పది రోజులు స్లాబు తడి ఆరకుండా ఉండాలని కాంక్రీటు పనుల ఐఎస్ కోడ్ చెబుతుంది, నేనైతే పద్నాలుగు రోజులు పట్టించాను. ఇది కుర్చీలో కూర్చుని చూసుకోవచ్చు, నీడపట్టున ఒక రేకుల షెడ్డు ముందే వేయించండి.

మిగతాదానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోండి. కాంట్రాక్టర్ మనిషి కాకుండా మీ మనిషి, డిప్లొమా సివిల్ చదివి ఏడెనిమిదేళ్లు సైట్లలో పని చేసినవాడు. రోజంతా అక్కర్లేదు, రోజూ ఒకసారి, ముఖ్యమైన రోజుల్లో పూర్తిగా. నెలకు 15, 20 వేల మధ్య మాట్లాడుకుంటే పది నెలలకు రెండు లక్షలు అటూ ఇటూ. చాలామంది ఈ డబ్బు దండగ అనుకుంటారు, నేనూ అప్పట్లో అలాగే అనుకున్నాను, నాలుగు లక్షలు పోగొట్టుకున్నాక తెలిసింది. ఇలాంటి మనిషి దొరకకపోతే, లేదా పెట్టుకోవడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే మీరు కట్టే ఆలోచన మానేయండి, నిజంగానే చెబుతున్నాను, ప్లాటు అమ్మి నాలాకు దూరంగా, ధరంతా కాగితం మీదే రాసే ఇంకో ఇల్లు వెతుక్కోండి. ప్లాటు అమ్మితే లాభం 32 లక్షలు, దాని మీద పన్నెండున్నర శాతం మూలధన లాభం పన్ను 4 లక్షలు పడుతుంది, కానీ అమ్మిన డబ్బంతా రెండేళ్లలోగా ఇల్లు కొనడానికి పెడితే మినహాయింపు ఉంది. నగదు బేరంలో ఇల్లు కొంటే ఆ మినహాయింపు కూడా కాగితం మీది సొమ్ముకే, రేపు ఆ ఇల్లు మీరు అమ్మినా 50కే కొన్నట్టు లెక్క.

కొనాలన్న మీ ఆయన మాటను కూడా నేను తేలిగ్గా తీసేయడం లేదు. ఆయన భయం నాకు అర్థమవుతోంది, వారమంతా దూరంగా ఉండి ఫోన్లలో సైటు గొడవలు వినాలి, పైగా హసన్‌పర్తి వైపు అంటే పాప కాలేజీకి, మీ బడికి దూరం. అందుకే ఒక రాత్రి తొమ్మిదింటికి మీ ప్లాటు దగ్గరకు ఇద్దరూ బండి మీద వెళ్లండి. చుట్టూ ఎన్ని ఇళ్లలో దీపాలున్నాయి, వీధి లైట్లు వెలుగుతున్నాయా, ఆటో దొరుకుతుందా, పాప ట్యూషన్ అయ్యాక ఒంటరిగా రాగలదా? చుట్టూ ఇంకా ఖాళీ ప్లాట్లు, సర్కారు తుమ్మలే ఉంటే ఇంకో మూడేళ్లు ఆగడమే మేలు.

అత్తమ్మగారి సంగతి ఒకటి చెప్పాలి. కట్టి ఉన్న ఇళ్లలో మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు సరిపోయే బాత్రూం దాదాపు ఉండదు, ఆరంగుళాల గడప, జారే టైల్స్, మెట్ల కింద ఇరుకు గది. మీరు కట్టుకుంటే ఆమె గదికే ఆనుకుని బాత్రూం, గడప లేకుండా, మూడడుగుల తలుపు, వెస్టర్న్ కమోడ్ పక్కన పట్టుకోవడానికి స్టీలు రాడ్, గరుకు టైల్స్. ప్లాను గీయించేటప్పుడే ఇది చెప్పండి. మా అత్తమ్మ జారిపడి తుంటి విరిగి ఆరు నెలలు మంచంలో ఉన్నారు, ఆ బాత్రూం గడప కొట్టించడానికి అప్పుడు తీరిక దొరికింది మాకు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? పాప పరీక్షలు మార్చిలో. అంతదాకా ఇటుక పేర్చకండి, పిల్ల చదువు మధ్య సైటు గొడవలు ఇంట్లోకి రానివ్వొద్దు. ఈ నెలలన్నీ కాగితాలకే సరిపోతాయి. ముందు ఎల్ఆర్ఎస్. బహిరంగ స్థలం వదలని లేఔట్ అయితే ప్లాటు విలువ మీద 14 శాతం కూడా కట్టాల్సి ఉంటుంది, అందుకే ఆ రుసుము పెద్దదిగా కనిపిస్తుంది. 2025లో ప్రభుత్వం పాతిక శాతం రాయితీ ఇచ్చినప్పుడు కట్టేసి ఉంటే బాగుండేది, సరే. క్రమబద్ధం చేసినట్టు ఉత్తర్వు (ప్రొసీడింగ్స్) చేతికి వచ్చాకే అనుమతికి వెళ్లండి. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 75 నుంచి 600 గజాల లోపు ప్లాట్లలో పది మీటర్ల ఎత్తు దాటని ఇంటికి సొంత ధ్రువీకరణ మీద ఆన్‌లైన్‌లోనే వెంటనే అనుమతి వస్తుంది. సులువే, కానీ "అంతా నిబంధనల ప్రకారమే" అని సంతకం పెట్టేది మీరు, తేడా వస్తే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. అందుకని మేస్త్రీ "పక్కన మీటరు ఎందుకమ్మా, రెండడుగులు చాలు" అంటే వినకండి.

ఏప్రిల్, మే నెలల్లో బోరు వేయించండి. మంచి ఎండల్లో నీళ్లు పడిన బోరును నమ్మొచ్చు. నల్లరేగడి అయితే మట్టి పరీక్ష తప్పనిసరి, అది వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, పునాది లోతు అంతా దాన్ని బట్టే మారుతుంది. వానలు మొదలయ్యేనాటికి ఫుటింగులు లేచి బేస్‌మెంట్ నిండితే, ఆ తర్వాత వాన మీకు క్యూరింగ్‌కు సాయమే. ఇప్పుడు కింద ఒక్కటే కట్టినా పిల్లర్లు, ఫుటింగులు పై అంతస్తు కూడా మోసేలా ఇంజనీరుతో డిజైన్ చేయించండి, బాబు పెద్దయ్యాక పైన కట్టుకోవచ్చు. పైకి వదిలిన చువ్వలను అలాగే వానకు వదలకుండా పలచటి కాంక్రీటుతో కప్పించండి, లేకపోతే పదేళ్లకు తుప్పు పట్టి పనికిరావు. మూఢం, శూన్యమాసం చూసుకుని ముహూర్తాలు ముందే రాయించుకోండి, వాస్తు ఎవరితో చెప్పించుకున్నా ప్లాను మీదే చెప్పించుకోండి. గోడ లేచాక ఇంకో సిద్ధాంతిని పిలవొద్దని ఇంట్లో అందరి దగ్గరా మాట తీసుకోండి, మా పక్కింటి వాళ్లు ఒకే మెట్లు రెండుసార్లు పగలగొట్టారు.

కాంట్రాక్టర్‌తో స్టాంపు పేపరు మీద రాసుకోండి. అడుగుకు ఇంత అంటే ఆ అడుగులు ఎలా కొలుస్తారో అందులో ఉండాలి, బాల్కనీ, సజ్జలు, మెట్ల గది పూర్తిగా లెక్కేస్తారా, సగమా? గొడవలన్నీ చివర్లో ఇక్కడే వస్తాయి. ఏ సిమెంటు, ఏ స్టీలు, టైల్స్ అడుగుకు ఎంత ధరలో, తలుపులు ఏ కలప, అన్నీ పేర్లతో. డబ్బు పని అయ్యాకే, బేస్‌మెంట్ అయ్యాక ఇంత, స్లాబు అయ్యాక ఇంత, ప్లాస్టరింగ్ అయ్యాక ఇంత, చివరి ఐదు శాతం గృహప్రవేశం అయిన మూడు నెలలకు. బ్యాంకు కూడా లోను ఇలాగే దశలవారీగా ఇస్తుంది, ముందు మీ వాటా పెట్టిస్తుంది, పూర్తయ్యేదాకా ఇచ్చినంతకు వడ్డీ కట్టించుకుంటుంది. మెటీరియల్ మీరే కొని లేబర్ కాంట్రాక్టు ఇస్తే కొంత మిగులుతుందని చెబుతారు. నిజమే, కానీ మేకులకూ బైండింగ్ వైరుకూ రోజూ పరిగెత్తే మనిషి మీ ఇంట్లో లేరు, మీకు అది వద్దు.

స్లాబు రోజు మాత్రం మీరు సెలవు పెట్టండి, మీ ఆయనను కూడా రప్పించండి. చువ్వల కింద కవర్ బ్లాకులు (చువ్వలను కొంచెం ఎత్తిపట్టే చిన్న దిమ్మెలు) పెట్టారా, ఫ్యాన్ బాక్సులు, కరెంటు పైపులు ప్లాను ప్రకారం ఉన్నాయా చూసి కాంక్రీటు పడకముందే ఫోటోలు తీసి పెట్టుకోండి. పని త్వరగా జారాలని మిక్సర్‌లో బకెట్ల కొద్దీ నీళ్లు పోస్తారు, అక్కడ గట్టిగా మాట్లాడండి. ఎం20 కాంక్రీటుకు (ఇళ్ల స్లాబులకు మామూలుగా వాడే రకం) బస్తా సిమెంటుకు ముప్పై లీటర్లు దాటకూడదు. సెంట్రింగ్ సామాను ఇంకో సైటుకు కావాలని తొందరగా విప్పేస్తామంటారు, మీ ఇంజనీరు చెప్పేదాకా ఒక్క పోటు కూడా తీయనివ్వద్దు.

ఈ ఆదివారం మీ ఆయన వచ్చినప్పుడు ముందు నయీంనగర్ వెళ్లి ఆ కిరాణా కొట్టు దగ్గర ఆగండి, చీకటి పడ్డాక ప్లాటు దగ్గరకు వెళ్లండి. నాలుగు వాక్యాలైనా సరే, ఏం తెలిసిందో నాకు మళ్లీ రాయండి.